చింతపండు లేని రాగి నెమలి

పోయిన వారం ముత్యమ్మను మనం గేటు కాడ నిలబెట్టి వచ్చినం. పాపం ముసలి మనిషి, వారం సంది అట్లనే రోడ్డు దిక్కు చూసుకుంట నిలబడ్డది. ఇగ లోపలికి పిలుద్దాం.

అంతకుముందు ఏం జరిగిందో జెర యాది చేసుకోండి. కాజీపల్లిలో ముత్యమ్మ ఇల్లు, ఇంటి వెనక వరుసగా కిరాయి గదులు, గదుల నిండా మందుల కంపెనీల్లో పనిచేసే పిల్లలు. ఆదివారం మధ్యాహ్నం సెలవు దొరికినోళ్ళంతా ముత్యమ్మ ముందటి గదిలోకే వచ్చి చేరుతరు. కోడలు శ్రీలత పెద్ద టీవీ పెడుతది, అందరూ కూడి "రాగి నెమలి" చూస్తరు. ఒకప్పుడు వారపత్రికలో సీరియలుగా వచ్చిన కథ అది. ఇన్నేండ్లకు తెర మీదికి ఎక్కింది. కంచరి బిడ్డ పున్నమి, తండ్రి చేసిన రాగి నెమలి ఎక్కి ఆకలి లేని, ముసలితనం లేని ఒక చుక్క మీదికి పోతది. అక్కడ ఉన్నకొద్దీ సొంతూరిని మరిచిపోతది. ముందు తొవ్వ, తర్వాత ఇంటి తలుపు, ఆఖరికి అమ్మ మొకం.

ముత్యమ్మకు చదువు రాదు. కథ మాత్రం మొత్తం నోటికొచ్చు, ఎందుకంటే కంపెనీలో పనిచేసే కాలంలో దోస్తు జయశీల చెప్పింది. అందుకే ప్రతి వారం ముందే చెప్పేది: "సూడుండ్రి, ఇప్పుడు నెమలి నల్లబడుతది, పున్నమి కొంగు ముడి విప్పుతది, అమ్మ కట్టిచ్చిన చింతపండు తీసి తోముతది, ఆ మెరుపుల అమ్మ మొకం కనబడుతది." ఏ వారమూ చింతపండు రాలేదు. పైగా కిరాయికుండే పవన్‌కుమార్ ఆ నవల కొనుక్కొచ్చి పూర్తిగా చదివి, "అవ్వా, పుస్తకంల చింతపండే లేదు. పున్నమి అక్కడ్నే ఉండిపోయి రాణి అయితది" అని అందరి ముందర అనేసిండు.

ముత్యమ్మ మొకం చిన్నబోయింది. "నా మాట తప్పైతే తప్పు గానీ, శీలక్క చదివింది తప్పు కాదు. ఆఖరి భాగం నాడు ఆమెనే పిలిపిస్త, ఆమె నోటితోనే వినుండ్రి" అని పంతం పట్టింది. లక్డారం నుంచి ఆటో వచ్చి గేటు ముందర ఆగింది. అక్కడ కదా మనం ఆగింది.

ఆటోలోంచి ముందుగాల చేతికర్ర దిగింది, తర్వాత సంచి దిగింది, ఆ తర్వాత జయశీల దిగింది. తెల్లచీర, మెడలో తాడుకు వేలాడే కళ్ళద్దాలు. చర్చి విడిచినంక నేరుగా వచ్చినట్టున్నది, సంచిలోంచి బైబిలు అంచు కనబడుతున్నది.

"ఏమే ముత్యం, గేటుకు అడ్డం దిమ్మె పెట్టినట్టు నిలబడ్డవ్. జరుగు!"

"ఎన్నేండ్లకు వచ్చినవ్ శీలక్కా! మోకాళ్ళు ఎట్లున్నయ్?"

"నాకంటె ముందే ముసలియైనయ్. నువ్వేంది, ఇంత తెల్లగయినవ్? తల గురించి అంటున్న, మొకం గురించి కాదు."

ఇద్దరూ చేతులు పట్టుకున్నరు. ఇద్దరికీ కుడిచేతి బొటనవేలు ఒక్క తీరుగనే పక్కకు వంగి ఉన్నది. సీసాల మూతలు బిగించి బిగించి వంగిన వేళ్ళు అవి. ఆ వేళ్ళను చూసుకొని ఇద్దరూ నవ్వుకున్నరు.

లోపల చాపల మీద పిల్లలు నిండిపోయి ఉన్నరు. పవన్‌కుమార్ లేచి కుర్చీ వేసిండు.

"రా అమ్మమ్మా, నీ కోసమే ఆపినం. ఇది సాక్షి కుర్చీ."

"కోర్టు పెట్టిండ్రా కొడుకా? మరి జడ్జి ఎవరు?"

"మా అత్తమ్మనే" అన్నది శ్రీలత, చాయ్ గ్లాసులు పట్టుకొచ్చుకుంట. "ఈ టీవీల ఏది వచ్చినా తీర్పు ఆమెదే."

తీర్పులంటే మామూలు తీర్పులు కావు. ఆఖరి భాగం మొదలైందో లేదో ముత్యమ్మ అందుకున్నది.

"గా నెమలిని సూడు శీలక్కా. రాగి గట్ల మెరుస్తదా? కొత్త స్టీలు డబ్బా లెక్కనే ఉన్నది. రాగంటే ఎర్రగుండాలె, గాలి తాకితే నల్లబడాలె, తోమితే మళ్ళ నవ్వాలె. దీన్ని తీసినోడు ఇంట్ల ఎన్నడన్న బిందె తోమిండా?"

"అవ్వా, అది గ్రాఫిక్స్" అన్నడు పవన్‌కుమార్. "ఈక ఈకను విడిగ చేసిండ్రు."

"చేసిండ్రు బిడ్డా, కాదంటలేను. మా కాలంల పటాన్‌చెరు టాకీసుల ఎగిరే గుర్రం వస్తే దాని నడుముకు కట్టిన తీగ మాకు కనబడేది. కనబడ్డా నమ్మినం. తీగ తెగితే మీదున్న పిల్లగాడు పడిపోతడేమోనని ముంగటి బెంచీ పట్టుకొని కూసున్నం. మీకు తీగ కనబడదు. పడతడేమోనన్న భయం గూడ లేదు."

ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. ముత్యమ్మ ఆగలేదు.

"చుక్కల మీదికి పోయేటోళ్ళు ఏం తింటరో ఏ సినిమాల అన్న చూపెడతరా? పోయిన నెల ఒకటి చూసినం, వెయ్యేండ్ల తర్వాత కథట. అందరికీ ఒంటికి అతికిచ్చినట్టు బట్టలు. పొద్దున లేస్తే ఎట్ల విప్పుకుంటరు, చెంబు పట్టుకొని ఎటు పోతరు? అడిగితే ఈ పిల్లలు నవ్వుతరు. ఇగ రాక్షసుడు! మొదట్లనే తెచ్చి ముంగట నిలబెడతరు. నువ్వు చెప్పినప్పుడు శీలక్కా, ఎవరి భయమంత రాక్షసుడు వాళ్ళకుండె. తెర మీద అందరికీ కలిపి ఒక్కడే."

"అయితే ఏదీ నచ్చలేదా నీకు?" అన్నది జయశీల.

ముత్యమ్మ చాయ్ గ్లాసు అందుకున్నది.

"ఒక్కటి నచ్చింది. పున్నమి అమ్మ మొకం మరిచిపోయేది. అద్దం మీద ఊదితే మసక వస్తది చూడు, గట్ల అమ్మ మొకం మీద మసక తెచ్చిండ్రు. అది మాత్రం నువ్వు చెప్పినదానికంటె మంచిగున్నది. ఆ వారం నాకు అన్నం సయించలే."

ఆ మాట అన్నప్పుడు ముత్యమ్మ చూపు టీవీ మీద లేదు. ఆ మసక వెనక ఆమెకు కనబడ్డది సునంద మొకం. సునంద ఎవరంటరా? చెప్త. ముందుగాల కంపెనీలో వీళ్ళు పనిచేసిన సీసాల సెక్షన్ గురించి చెప్పాలె.

ఇద్దరూ దగ్గు మందు సీసాలకు మూతలు బిగించేటోళ్ళు. ఆ గదిలోకి కాగితం ముక్క పోనిచ్చేటోళ్ళు కాదు. ఒక మందు సీసాకు ఇంకో మందు లేబులు అంటుకుంటే ఎవరి ప్రాణం మీదికి వస్తదో తెలియదు. అందుకే బయటి కాగితం లోపలికి రాకూడదు, లోపలి కాగితం బయటికి పోకూడదు. బస్సు టికెట్ కూడా గేటు కాడనే వదలాలె. మరి వారపత్రిక ఎట్ల పోతది? జయశీల పత్రికను ఇంట్లోనే చదువుకొని, పొద్దున మూతలు బిగించుకుంట అప్పజెప్పేది. అన్నం గంటలో అయితే ఇంకా వైనంగా ఉండేది. నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చొని రెండు అరచేతులూ పుస్తకంలా తెరిచేది. వేలు నాలుకకు అద్దుకొని, లేని పేజీ తిప్పేది. అది తిప్పుతుంటే ఆడోళ్ళంతా ముందుకు జరిగేటోళ్ళు. జొన్నరొట్టె చేతిలోనే ఎండిపోయేది.

ముత్యమ్మ అనుకున్నదేందంటే, జయశీల చదివింది చదివినట్టు అక్షరం పోకుండ చెప్తున్నదని. ఎందుకనుకోదు? ఒక క్రిస్మస్‌కు జయశీల పిలిస్తే లక్డారం చర్చికి పోయింది. అక్కడ జయశీల లేచి ఒక అధ్యాయం మొత్తం చూడకుండ చెప్పింది. పాస్టరయ్య బైబిలు తెరిచి వేలు పెట్టుకుంట వచ్చిండు, ఒక్క మాట కూడా తప్పలేదు. అది చూసిన మనిషికి ఇగ అనుమానం ఎక్కడి నుంచి వస్తది?

వాళ్ళిద్దరి నడుమ కూర్చొని మూతలు బిగించే పిల్లే సునంద. నారాయణఖేడ్ దిక్కు పిల్ల. తల్లి ఊర్లో ఉండేది, ఈమె మేనమామ ఇంట్లో ఉండి కంపెనీకి వచ్చేది. పండుగొచ్చినా పబ్బమొచ్చినా మేనమామ ఊరికి పంపేటోడు కాదు. మొదట్లో రోజూ ఏడ్చేది. తర్వాత ఏడుపు కూడా మానేసింది. కథ వినేటప్పుడు మాత్రమే ఆ పిల్ల కండ్లలోకి జీవం వచ్చేది. జయశీల చెప్పిన కథలో చింతపండుతో తోమిన నెమలి ఎక్కి పున్నమి అమ్మ కాడికి చేరిన నాడు, సునంద కంపెనీ బస్సు ఎక్కలేదు. గేటు దాటి ఎటో నడిచిపోయింది.

టీవీలో నెమలి నల్లబడ్డది. పున్నమి దాని రెక్కల కింద ఒంటరిగా కూర్చున్నది. పవన్‌కుమార్ బొమ్మను అక్కడ ఆపి, నవల తీసి జయశీల ఒడిలో పెట్టిండు.

"ఇప్పుడు చెప్పు అమ్మమ్మా. ఇందుల చింతపండు ఉన్నదా?"

జయశీల కళ్ళద్దాలు పెట్టుకొని పుస్తకం అట్టను నిమిరింది, వాసన చూసింది.

"ఎక్కడిది? లేదు" అన్నది నవ్వుకుంట. "ఇందుల చింతపండు ఎందుకుంటది?"

గదంతా "ఓ..." అన్నది. ముత్యమ్మకు చాయ్ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

"అక్కా, పరాచికాలు ఆడకు. నువ్వు చదివినవ్ కదా."

"చదివిన, గానీ చదివినట్టు చెప్పింది సగమే. చుక్క మీదికి పోయేదాకా ఉన్నదున్నట్టే చెప్పిన. పున్నమి రాణి అయి అక్కడ్నే ఉంటదని చదివినంక నాకే కోపమొచ్చింది. మిగిలింది నేనే అల్లిన."

"అల్లినవా? వాక్యం తప్పని మనిషివి, నువ్వు అల్లుతవా?"

"వాక్యం దేవునిది ముత్యం, ఒక్క మాట తప్పకూడదు. కథ మనది. మనకు ఎట్ల కావాలంటే గట్ల ఉంటది." జయశీల గొంతులో తప్పు చేసినట్టు ఏమీ లేదు. "అయినా చింతపండు నాది కాదే. నీదే!"

"నాదా?"

"నెమలి నల్లబడ్డదని నేను చెప్తే నువ్వు ఏమన్నవ్? 'మా బిందె గూడ నల్లబడుతది, గా చుక్క మీద చింతపండు దొరకదా? ఆ పిల్లను ఎట్లన్న ఇంటికి తోలు అక్కా' అని రెండు పూటలు నా పానం తిన్నవ్. మర్నాడు అమ్మతోని పున్నమి కొంగుల ముడి కట్టిచ్చిన. సెక్షన్ల అందరికీ ఎరుకే. అందరూ నవ్విండ్రు. పత్రికలనే ఉన్నదని నమ్మింది నువ్వొక్కదానివే, అడిగింది గూడ నీకు యాది లేదు."

పిల్లలంతా చప్పట్లు కొట్టిండ్రు. "అయితే కథ మార్చిండ్రని ఇన్ని వారాలు తిట్టింది నిన్ను నువ్వేనా అవ్వా!" అన్నడు పవన్‌కుమార్. శ్రీలత కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

ముత్యమ్మ నవ్వలేదు. గ్లాసు కింద పెట్టింది.

"శీలక్కా, సునంద యాదున్నదా?"

"యాది లేకేంది? అమ్మ కాడికి పోయింది కదా, పున్నమి లెక్క. నా కథల అన్నిటికంటె మంచి సంగతి అదే. ఇంకా ప్రార్థనల ఆ పిల్ల పేరు తల్చుకుంట."

"పోలే."

"ఏంది?"

"అమ్మ కాడికి పోలే. వారమైనంక ఆ తల్లే కంపెనీ గేటు కాడికి వచ్చింది. వచ్చిపోయే ప్రతి ఆడమనిషి మొకం చూసింది. 'నా బిడ్డ ఏది?' అని అడిగింది. ఊరికి చేరనే లేదట అక్కా. ఏ బస్సు ఎక్కిందో, ఎటు పోయిందో ఎవరికీ ఎరుక లేదు. అప్పుడు నువ్వు కాన్పుకు పోయినవ్. పచ్చి బాలింతకు చెప్పద్దని ఊకున్న. నువ్వు మళ్ళ పనికి రానే లేదు. తర్వాత ఏ మొకం పెట్టుకొని చెప్పాలె?"

ముత్యమ్మ పిల్లల దిక్కు ఒకసారి చూసి మళ్ళ అందుకున్నది.

"సెక్షన్ల ఆడోళ్ళు నోరు పారేసుకున్నరు. కథ చెప్పి పిల్లను లేపగొట్టిందని నిన్నన్నరు. నేను అందరి మీద లేచిన. 'పుస్తకంల రాసి ఉన్నది, ఆమె చదివింది, ఆమె తప్పేంది' అన్న. ఇన్నేండ్లు గదే పట్టుకొని ఉన్న అక్కా. అందుకే చింతపండు రాకపోతే నాకు పానం కొట్టుకుంటున్నది. అది పుస్తకంల ఉంటే ఆ పిల్ల పోవుడు రాసినోని పాపం. లేకపోతే..."

జయశీల కళ్ళద్దాలు తీసేసింది. ఒడిలో ఉన్న పుస్తకం మీద రెండు చేతులూ పెట్టింది.

"లేకపోతే మన ఇద్దరిది" అన్నది. "ఇంటికి తోలుమని అడిగింది నువ్వు. తోలింది నేను."

పవన్‌కుమార్ తల వంచుకున్నడు. సాక్షి కుర్చీ అన్న పాపానికి ఎటు చూడాలో తెలియక పుస్తకం వెనక్కు తీసుకుందామని చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కు తీసుకున్నడు. శ్రీలత మెల్లగా రిమోట్ నొక్కింది. ఆగిన బొమ్మ కదిలింది.

పున్నమి నల్లబడ్డ నెమలి ముందర కూర్చున్నది. తన పేరు కూడా యాదికి వస్తలేదు. చుక్క మీది మనుషులు చుట్టూ నిలబడి కిరీటం చూపెడుతున్నరు. పున్నమి కిరీటం దిక్కు చెయ్యి చాపింది. చాపిన చెయ్యికి పైట కొంగు తగిలింది. కొంగుకు ముడి ఉన్నది. ఎప్పుడు కట్టిండ్రో, ఎవరు కట్టిండ్రో ఆ పిల్లకు తెలియదు. మెల్లగా విప్పింది.

చింతపండు.

"అవ్వా!" అని అరిచిండు పవన్‌కుమార్.

పున్నమి చింతపండును పిసికి నెమలి మెడ మీద రుద్దింది. నల్లటి చిలుము కారి, కింద ఎర్రటి రాగి బయటపడ్డది. ఈసారి అది స్టీలు డబ్బాలా లేదు. పొయ్యి మీది నుంచి దించిన బిందెలా ఎర్రగా నవ్వింది. అందులో మసకగా ఒక ఆడమనిషి మొకం తేలింది.

గది దద్దరిల్లింది. "అవ్వ గెలిచింది!" అని ఈలలు వేసిండ్రు. ఒడిషా పిల్ల ఒకతి ముత్యమ్మ మెడ పట్టుకొని ముద్దు పెట్టింది. పవన్‌కుమార్ మాత్రం జయశీల ఒడిలోంచి పుస్తకం తీసుకొని ఆఖరి పేజీలు గబగబా తిప్పి, "ఇందుల లేదు కదా" అన్నడు. "అమ్మమ్మ అల్లింది, మీ సెక్షన్ల తప్ప ఎక్కడా చెప్పలే. మరి ఈ తీసినోళ్ళకు ఎవరు చెప్పిండ్రు?"

ఇద్దరు ముసలోళ్ళూ అప్పటికే ఒకరి మొకం ఒకరు చూసుకుంటున్నరు. ఆ సెక్షన్ ఆడోళ్ళలో మిగిలినోళ్ళంతా ఎక్కడున్నరో వీళ్ళకు ఎరుకే. ఎరుక లేనిది ఒక్కతే.

తెర మీద నెమలి ఎగిరిపోయింది. పేర్లు కింది నుంచి పైకి పోవుడు మొదలైంది.

"శ్రీలతా, ఆ పేర్లను పోనియ్యకు! అక్కా, లే, చదువు!"

జయశీల కర్ర కూడా మరిచి టీవీ ముందటికి పోయింది. కళ్ళద్దాలు పెట్టుకొని ఒక్కో వరుస పైకే చదివింది. బట్టలు కుట్టినోళ్ళు, దీపాలు పెట్టినోళ్ళు, భోజనాలు వండినోళ్ళు. పిల్లలు కూడా టీవీ దగ్గరికి జరిగిండ్రు. ఒక వరుస కాడ ఆమె గొంతు ఆగిపోయింది.

"ఆపు శ్రీలతా!"

శ్రీలత ఆపింది.

"ఏమున్నదక్కా? చదువు."

"ముత్యం..." జయశీల వెనక్కు తిరగలేదు. "ఇప్పుడు వాక్యం చదివినట్టు చదువుతున్న. ఒక్క అక్షరం గూడ నాది కాదు." వేలు నాలుకకు అద్దుకొని, పేజీ మీద పెట్టినట్టు తెర మీద పెట్టింది. "'సునంద. సీసాల సెక్షన్, కాజీపల్లి.'"

ముత్యమ్మ గోడ పట్టుకొని లేచింది. ఒక్కో అడుగే వేసుకుంట దోస్తు పక్కకు వచ్చి, తనకు రాని ఆ అక్షరాలను చెయ్యితో తడిమింది.

"పేరు మీద ఏం రాసిండ్రు అక్కా? బతికున్న మనిషికి దండం పెట్టినట్టున్నదా? పోయిన మనిషిని యాది చేసినట్టున్నదా?"

"కనబడతలేదే. టీవీ వాడిది ఏదో డబ్బా అడ్డం పడ్డది, మళ్ళ చూస్తరా అని అడుగుతున్నది."

"తీసెయ్ శ్రీలతా, దాన్ని తీసెయ్!"

శ్రీలత రిమోట్ నొక్కింది. డబ్బా కదలలేదు. మళ్ళీ నొక్కింది. తెర మొత్తం నల్లబడ్డది, నడుమ తెల్లటి సున్న ఒకటి గుండ్రంగా తిరుగుడు మొదలుపెట్టింది. జయశీల తడివేలు గాలిలోనే ఆగి ఉన్నది, పేజీ ఎప్పుడు వస్తదా అని.